రేవులో విప్పిన సంచి

అమీర్‌పేట, హైదరాబాదు
18 నవంబరు 2024

చిరంజీవి సుష్మితకు పెదనాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమమని వ్రాయడం ఆనవాయితీ. అందరం అనదగినంత మందిమి లేము. నేనొక్కడినే ఉన్నాను, క్షేమంగానే ఉన్నాను. మీ దీవిలో ఫోను పలకదని తెలిసి సంతోషించాను. ఈ రోజుల్లో ఉత్తరం వ్రాయించాలంటే మనిషిని సముద్రం మధ్యకు పంపవలసి వస్తున్నది. నీ క్రిందటి ఉత్తరంలో ఏడు తప్పులున్నాయి. ఎర్రసిరాతో దిద్ది దీనికి జతపరిచాను. శాఖను ఒత్తు లేకుండా 'శాక' అని వ్రాసే పిల్లకు అటవీశాఖ ఉద్యోగమిచ్చిందంటే ఆ పరీక్షలో తెలుగు లేదన్నమాట.

ఇక అసలు సంగతి. శ్రీనగర్ కాలనీ పెద్దలు నలభైమంది ఫిబ్రవరిలో అండమాన్ యాత్రకు వస్తున్నారు. మైత్రీవనం వెనుక టికెట్ల దుకాణం పెట్టుకున్న అఫ్జల్ ఆ ఏర్పాట్లు చూస్తున్నాడు. నా రైలు టికెట్లు తీసేవాడూ అతడే కనుక యాత్రికుల జాబితా చూపించాడు. వారు చూడబోయే చోట్లలో నీవు కాపలా కాసే దీవి ఉంది. జాబితాలో పదిహేడవ పేరు రాఘవయ్య. పద్దెనిమిదవ పేరు కుసుమకుమారి.

కుసుమ నీకు మేనత్త, నాకు ఒక్కగానొక్క చెల్లెలు. రాఘవయ్య ఆమె భర్త. పంజాగుట్ట చౌరస్తా దాటి ఇరవై నిమిషాలు నడిస్తే వారిల్లు. ఆ గడప నేను త్రొక్కి ముప్పై ఏళ్ల ఆరు నెలలయింది. ఎందుకో మీ నాన్న నీకు చెప్పి ఉండడు. వాడికి గొడవలంటే భయం.

1994 మే నెలలో రాఘవయ్య చెల్లెలి పెళ్లి. మూడవనాడు భోజనాలయ్యాక నేనూ మీ దొడ్డమ్మ సీతామహాలక్ష్మీ ఆటో ఎక్కబోతున్నాము. లోపల వెండి కుంకుమభరిణె కనబడలేదని కలకలం పుట్టింది. రాఘవయ్య కల్యాణమండపం మెట్ల మీదికి వచ్చి, "మాస్టారూ, ఏమీ అనుకోకండి, అందరి సంచులూ చూస్తున్నాం" అన్నాడు. అందరివీ చూడలేదు. నాదే చూశాడు. రెండువందలమంది ఎదుట నా చొక్కాలు, మీ దొడ్డమ్మ చీరలు ఒక్కొక్కటే తీసి మెట్ల మీద పరిచాడు. అడుగున భరిణె దొరికింది. దాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు. చుట్టి ఉన్న పసుపంటిన గుడ్డ నా చెప్పుల మీద పడింది. నేను తల వంచుకొని దాన్నే చూస్తూ నిలబడ్డాను.

నేను తీయలేదు. ఆ ముందురోజు వారి శుభలేఖలో పదకొండు తప్పులున్నాయని వియ్యాలవారి ఎదుట చదివి చెప్పాను. దానికి ప్రతిగా రాఘవయ్యే పెట్టించాడని నా నిశ్చయం. ఎవరూ పోలీసులను పిలవలేదు. "పోనీండి, ఇంటివాళ్లే కదా" అన్నారు. ఆ 'పోనీండి' నాకు ఈనాటికీ గొంతు దిగలేదు. మీ దొడ్డమ్మ నాలుగేళ్ల క్రిందట పోయేదాకా, ఏ పేరంటానికి వెళ్లినా చేతిలో సంచి లేకుండా వెళ్లేది. వాయనం కొంగులో కట్టుకొని వచ్చేది.

రాఘవయ్య ఎక్కడికి వెళితే అక్కడి రాయో గవ్వో తెచ్చి అద్దాల బీరువాలో చీటీ అంటించి పెట్టుకుంటాడట. మీ నాన్నతో వాళ్లమ్మాయి మంజూష చెప్పింది. మీ రేవులో సంచులు విప్పి చూస్తారనీ, పగడం దొరికితే నేరమనీ నీవే వ్రాశావు. నా జీవితంలో నిన్ను కోరేది ఇదొక్కటే. అతణ్ణి ముందుగా హెచ్చరించకు. చాటుకు తీసుకువెళ్లి చూడకు. అందరి ఎదుట, ఒక్కొక్క బట్టా పైకెత్తి చూడు.

నీకు అక్షరాలు దిద్దించిన
హనుమత్ప్రసాద్


దీవి శిబిరం
5 డిసెంబరు 2024

పెదనాన్న గారికి నమస్కారాలు.

రెండుసార్లు చదువుకున్నాకే కవరు అంటిస్తున్నాను. ఈసారి ఎర్రసిరా తక్కువ పడుతుందని ఆశ. వారానికోసారి సరుకుల పడవ వస్తుంది, దానితోనే ఉత్తరాలు వచ్చేదీ పోయేదీ. గాలి ఎక్కువుంటే అదీ రాదు.

మీ ఉత్తరం మా క్యాంపులో మెట్ల మీద కూర్చుని చదివాను. దొడ్డమ్మ సంచి లేకుండా పేరంటానికి వెళ్లేదని చదివాక కాసేపు పక్కన పెట్టేశాను. చిన్నప్పుడు ఆవిడ కొంగుముడి విప్పి నాకు శనగలు పెట్టేది. అది ఆవిడ అలవాటనుకున్నానే గానీ దాని వెనక ఇంత ఉందని తెలియదు.

మా పద్ధతి చెబుతాను. ఇక్కడికి ప్లాస్టిక్ రాకూడదు. బట్ట సంచి, స్టీలు సీసా అంతే. తిరిగి పడవ ఎక్కేముందు రేవులో పొడవాటి బల్ల ఉంటుంది. ప్రతి సంచీ దాని మీద విప్పాల్సిందే, ఎంత పెద్దవాళ్లదైనా. నేను మామయ్యకని ప్రత్యేకంగా ఏమీ చేయను, మినహాయింపూ ఇవ్వను. మీరు అడిగినా అడక్కపోయినా ఇంతే.

పగడం అంటే మీకు ఉంగరంలో ఎర్రపూస గుర్తొస్తుందేమో. ఇక్కడిది అలా ఉండదు. అద్దం అడుగున్న పడవలోంచి చూస్తే జింకకొమ్ముల్లాంటివి, మెదడు మడతల్లాంటివి, దోసెపెనం అంత వెడల్పువీ కనిపిస్తాయి. చిలకచేపలు వాటిని కొరుకుతుంటే చప్పుడు నీళ్లలోంచి వినిపిస్తుంది. కొన్ని జాతులు ఏడాదికి గోరంతే పెరుగుతాయి. నీళ్లు వేడెక్కినప్పుడు చాలా తెల్లబడిపోయాయి, కొన్నే మళ్లీ రంగు పట్టాయి. ఒడ్డున పడ్డ చచ్చిన ముక్క కూడా ఎవరూ తీయకూడదు. అదే అరిగి ఇసకై దీవిని నిలబెడుతుంది. దాని సందుల్లో, ఖాళీ గవ్వలు మోసుకు తిరిగే సన్యాసి పీతలు కాపురం పెడతాయి.

ఈ ఉద్యోగంలో ఒకటి చూశాను పెదనాన్నా. ముక్క తీసినవాళ్లలో చాలామంది తప్పు చేస్తున్నామనుకోరు. మనవడికనో దేవుడి గదికనో అంటారు. బల్ల మీద పెట్టినప్పుడు ఏడుస్తారు. ఆ కేసు రాసేది నేనే.

ఆరోజు అత్తయ్య ఎక్కడుంది? ఆవిడ ఏమంది?

మీ
సుష్మిత


అమీర్‌పేట
28 డిసెంబరు 2024

చిరంజీవి సుష్మితకు ఆశీస్సులు.

తప్పులు మూడే. వృద్ధిలోకి వస్తున్నావు.

'మినహాయింపు ఇవ్వను' అని నీవు వ్రాసిన వాక్యం క్రింద నేను గీత గీశాను. తప్పని కాదు, మెచ్చుకోలుగా. నా మాట నీవు మన్నించావు. ఇంకేమీ అక్కరలేదు.

మీ అత్తయ్య ఎక్కడుందని అడిగావు. మండపంలో రెండవ స్తంభం పక్కన నిలబడి ఉంది. నోట్లో చీరకొంగు పెట్టుకొని ఒక్కమాట పలకలేదు. భర్త పక్షాన నిలిచిందని గ్రహించాను. ఆమెను నేను శిక్షించదలచుకోలేదు. ఆమె లేనట్టే బ్రతికాను, అది చాలుననుకున్నాను.

నేనూ యాత్రకు వస్తున్నాను. ఆశ్చర్యపడకు. అఫ్జల్ దుకాణానికి వెళ్లి నా పేరూ వ్రాయమన్నాను. అతడు కలం చెవిలోంచి తీసి, "సార్, మీరు సుత వస్తుండ్రా! మస్తు సంతోషం. జర ఫికర్ చేయకుండ్రి, కిటికీ సీటే ఇప్పిస్త" అన్నాడు. కిటికీతో నాకు పనిలేదు. రేవులో బల్ల పక్కన నిలబడే చోటు కావాలి.

నిన్న యాత్రికులందరినీ దుకాణం పైనున్న హాలులో కూర్చోబెట్టాడు. "మాస్టర్ సాబ్‌కు దీవి సంగతంత ఎరికే, వాళ్ల బిడ్డ ఆడనే నౌకరి చేస్తుంది, ఆయన చెప్తడు వినుండ్రి" అని నన్ను లేపాడు. పధ్నాలుగేళ్ల తర్వాత మళ్లీ నిలబడి పాఠం చెప్పాను. నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను. రాఘవయ్య మూడవ వరుసలో కూర్చున్నాడు. పక్కన నీ మేనత్త. నన్ను చూసి అతడు చేతిలో కాగితం మడిచి విప్పి మళ్లీ మడిచాడు. జుట్టంతా పోయింది. చూపులో పొగరు అలాగే ఉంది.

చివర వజ్రమ్మగారని ఒక పెద్దావిడ లేచి, "ఏవండీ మాస్టారూ, నీళ్లలోవి తీయకూడదన్నారు సరే. ఒడ్డున పడి ఉన్న ముక్క తెచ్చుకోవచ్చాండీ? మా మనవరాలు అడిగింది" అన్నది.

నేను మూడవ వరుస వైపు చూశాను. రాఘవయ్య జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు, వ్రాసుకోవడానికి.

"ఒడ్డున పడినది ఎవరిదీ కాదమ్మా. నిరభ్యంతరంగా తెచ్చుకోవచ్చు" అన్నాను.

అతడు వ్రాసుకున్నాడు. నా కళ్లారా చూశాను.

నలభై ఏళ్ల ఉద్యోగంలో తరగతిలో నిలబడి తప్పు చెప్పింది లేదు. నిన్న చెప్పాను. ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోయాను కూడా. వాడు నా సంచి విప్పిన మెట్లు నాకు కలలో వచ్చేవి. నిన్న రాలేదు.

నీ రాక కోసం కాదు, నీ బల్ల కోసం ఎదురుచూస్తున్న
హనుమత్ప్రసాద్


దీవి శిబిరం
16 జనవరి 2025

పెదనాన్న గారికి,

మీ ఉత్తరం ఇవాళే అందింది. ఈ జవాబు ఏ రోజు పోతుందో తెలియదు, గాలి వల్ల పడవ ఆగిపోయింది. తప్పులున్నా పంపేస్తాను, దిద్దుకోండి.

మీరు చేసింది నాకు నచ్చలేదు. నేను మినహాయింపు ఇవ్వనన్నది మీ మాట మన్నించడం కాదు. నా పని నేను చేస్తానని చెప్పాను. మీరు దాన్ని మీ వైపుకి తిప్పుకున్నారు.

మామయ్య ఒక్కడికే చెప్పానని మీరనుకుంటున్నారు. హాల్లో నలభైమంది ఉన్నారు. మీ మాటంటే అందరికీ రాసిపెట్టినంత నమ్మకం. ఆ వజ్రమ్మగారు మనవరాలి కోసం ముక్క తీస్తే నేను ఆవిడ మీద కేసు రాయాలా? మీ పగకి ఆవిడేం చేసింది?

ఇది అందగానే అఫ్జల్ గారి దుకాణానికి వెళ్లి, మళ్లీ అందరినీ కూర్చోబెట్టి, మీరు చెప్పింది తప్పని చెప్పండి. మీరు నాకు నేర్పిందే. తప్పు దిద్దేది రాసినవాళ్లే అనేవారు.

సుష్మిత


అమీర్‌పేట
31 జనవరి 2025

చిరంజీవి సుష్మితకు ఆశీస్సులు.

నెల రోజులుగా నీ వద్దనుండి జాబు లేదు. అనవసరంగా వ్రాయకుండా ఉండడమే ఉత్తమమని నీవు భావించావని అర్థమైంది. కాగితం మీద పెట్టకూడని సంగతులుంటాయి. నీ మౌనాన్ని అంగీకారంగా స్వీకరించాను.

ఎల్లుండి బయలుదేరుతున్నాము. ఎనిమిదవ తేదీ శనివారం మీ దీవి. రేవులో నన్ను పలకరించకు. పెదనాన్న చెప్పి చేయించాడని అనుకోగూడదు. ఎర్రగడ్డ రైతుబజారులో ఒక గుడ్డసంచి కొన్నాను. చాలా ఏళ్ల తర్వాత నా చేతిలో సంచి.

హనుమత్ప్రసాద్


దీవి శిబిరం
14 ఫిబ్రవరి 2025

పెదనాన్న గారికి,

నా జనవరి ఉత్తరం మీరు ఇల్లు వదిలాక చేరి ఉంటుంది. పడవలో మిమ్మల్ని చూడగానే తెలిసిపోయింది అది అందలేదని. అంత ఉత్సాహంగా ఉన్నారు.

అయిందంతా మీకు తెలిసిందే. అయినా నా వైపు నుంచి రాయాలి. అందరూ దిగగానే మా వాళ్లు చెప్పే హెచ్చరిక మీరు గ్లాసు పడవ ఎక్కే తొందరలో వినలేదు. ఆరోజు మైకు చెడిపోయి హెచ్చరిక మొదటి జట్టుకే అందింది. మిగతావాళ్లకి మధ్యాహ్నం నేనే యాత్రికులు కూర్చునే ఒడ్డు గుడిసె దగ్గరికి వచ్చి చెప్పాను, ఒడ్డుది కూడా నేరమేనని. "మాస్టారు తెచ్చుకోవచ్చన్నారే!" అన్నారు వజ్రమ్మగారు. అందరూ జేబులు, కొంగులు దులిపారు. ఇరవై మూడు ముక్కలు. మామయ్య కూడా రెండు తీసి, తెచ్చిన చోటే పెట్టి వచ్చాడు. అప్పటికే మీరు వెళ్లి రేవులో బల్ల పక్కన నిలబడి ఉన్నారు.

బల్ల దగ్గర మామయ్య సంచి విప్పాను. మీరడిగినట్టే ఒక్కొక్క బట్టా తీశాను. మీరు పక్కనే ముందుకి వంగి చూస్తున్నారు. ఏమీ లేదు. తరువాతి సంచి మీది.

మీ తువ్వాలు కింద రవికల గుడ్డ మూట. విప్పితే అరచేతంత తెల్లటి ముక్క. మామయ్య నవ్వు అందరూ విన్నారు. "ముప్పై ఏళ్లయినా మాస్టారి చేతివాటం పోలేదన్నమాట!" అన్నాడు. నేను మిమ్మల్నే చూస్తున్నాను. మీరు ముక్కని చూడలేదు, గుడ్డని చూశారు. మీ మొహం అలా మారడం నేనెప్పుడూ చూడలేదు. "ఇది ఎవరిది?" అని అడిగాను. "నాదే. నేనే తీశాను" అన్నారు. కాగితం అడిగి వాంగ్మూలం మీరే రాసిచ్చారు. ఒక్క కొట్టివేత లేదు.

అది అబద్ధమని నాకు తెలుసు. ఆ గుడ్డకి నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. దొంగిలించిన వస్తువుకి ఎవరూ పసుపు పెట్టరు. పెట్టేది ఆడవాళ్లు, ఎవరికైనా ఇచ్చేటప్పుడు.

ఫైలు మార్చి నెలాఖరులోగా పైకి పంపాలి. ఎవరు పెట్టారో చెప్పండి.

సుష్మిత


అమీర్‌పేట
3 మార్చి 2025

చిరంజీవి సుష్మితకు ఆశీస్సులు.

నీ రెండు ఉత్తరాలూ ఒకదానిపై ఒకటి పెట్టుకొని చదివాను. జనవరి ఉత్తరంలో తప్పు ఒక్కటీ కనిపించలేదు. వెదికాను.

అడిగావు కనుక చెబుతాను. పెట్టింది మీ అత్తయ్య. కానీ నా వాంగ్మూలం మారదు. ఎందుకో వివరిస్తాను.

ఆ ఉదయం అద్దపు పడవలో రాఘవయ్యా నేనూ ఎదురెదురుగా కూర్చోవలసి వచ్చింది. మోకాళ్లు తగులుతున్నాయి. ఇద్దరమూ తలలు వంచి క్రిందికి చూస్తున్నాము. నీవు వ్రాసినవన్నీ ఉన్నాయి. జింకకొమ్ములు, మెదడు మడతలు, వాటి మధ్య పసుపుచారల చేప ఒకటి ఇంటి గుమ్మంలో నిలబడ్డట్టు నిలబడి లోపలికీ బయటికీ తిరుగుతున్నది. చాలాచోట్ల తెల్లగా బోడిగా ఉన్నది. రాఘవయ్య తనలో తాను, "అబ్బ!" అన్నాడు. నేనూ అనబోయి ఆపుకున్నాను. వాడితో కలిసి ఆశ్చర్యపడడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ గంటసేపూ నేను చేపలను చూడలేదమ్మా, గాజులో పడిన వాడి నీడను చూశాను.

కుసుమ అద్దపు పడవ ఎక్కనని గుడిసెలో సంచులకు కాపలా కూర్చున్నది. ఒడ్డున ముక్క ఒకటి నచ్చి ఏరుకున్నది. 'అన్నయ్య చెప్పాడంటే తప్పుండదు' అనుకున్నానని తరువాత పడవలో వజ్రమ్మగారితో చెప్పుకున్నది, విన్నాను. మా మధ్య మాటలు లేవు కనుక చేతికివ్వలేదు. మన ఇళ్లలో ఆడవాళ్లు చేసేదే చేసింది. చేతికిస్తే వద్దంటారని, వెంట తెచ్చుకున్న పసుపు గుడ్డకు రాసి, మూటగట్టి, చెప్పకుండా సంచి అడుగున పెట్టింది. తరువాత నీవు వచ్చి నేరమన్నావు. అప్పటికే సంచులు బల్ల దగ్గరికి మోసేశారు. ఇక మూట తీసేయడానికి వీలు లేకపోయింది.

నీవు మూట విప్పినప్పుడు నేను ఆ నాలుగు మూలలూ చూశాను. 1994లో నా చెప్పుల మీద పడిన గుడ్డకూ అవే నాలుగు మూలలు. ముప్పై ఏళ్లు ఆ గుడ్డ నా కళ్లలోనే ఉంది. ఎవరి శుభలేఖలోనైనా తప్పులు వేలితో చూపగలిగినవాణ్ణి, దాన్ని చదవలేకపోయాను. అందుకే 'నాదే' అన్నాను. ఆమె కంగారు నాకు కనిపించింది. ఆమెను బల్ల దగ్గరికి పిలవడం నాకు చేతకాలేదు.

పడవ కదిలింది. రాఘవయ్య అందరికీ 1994 కథ మొదలుపెట్టాడు, మెట్లు, ఆటో, చీరలతో సహా. అఫ్జల్, "ఛోడో సార్, అయిపోయింది కదా" అంటున్నా ఆగలేదు. అప్పుడు నీ మేనత్త లేచి నిలబడింది. పడవ ఊగుతున్నది, ఒక చేత్తో వజ్రమ్మగారి భుజం పట్టుకున్నది.

"ఇక ఊరుకోండి. అన్నయ్య సంచిలో పెట్టింది నేను. ఇవాళా నేనే, ఆనాడూ నేనే" అన్నది.

రాఘవయ్య, "ఏమన్నావ్?" అన్నాడు.

"ఆ భరిణె మా అమ్మ నాకిచ్చింది. మీ అమ్మగారు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. పెళ్లి హడావుడిలో తాళం దొరికితే మా వదినకని తీసి పెట్టాను. మీరు విప్పుతుంటే మీ అమ్మగారు నా పక్కనే నిలబడి ఉన్నారు. చెబితే నన్ను ఆ పూటే పుట్టింటికి పంపేవారు. మంజూషకు అప్పుడు ఎనిమిది నెలలు."

నలభైమందీ అతణ్ణి చూశారు. నేను ముప్పై ఏళ్లుగా కోరుకున్న ముఖం అదే. ఎర్రబడి, తెల్లబడి, చివరికి చేతిలో సీసా మూత తీసి పెడుతూ తీసి పెడుతూ కూర్చున్నాడు. నేను అనుకున్నదానికన్నా అది బాగానే ఉంది. అబద్ధం వ్రాయను.

కుసుమ మీద కోపం రాలేదని వ్రాస్తే అదీ అబద్ధమే. ఒక్క మాట. ముప్పై ఏళ్లలో ఏ రోజైనా ఒక్క మాట చెప్పి ఉంటే, మీ దొడ్డమ్మ సంచి పట్టుకొని తిరిగేది. హైదరాబాదు చేరాక కూడా నేను ఆమెతో మాట్లాడలేదు.

అయినా వాంగ్మూలం అలాగే ఉంచు. ముక్కను ఎత్తింది ఆమె చేయి, ఎత్తించింది నా మాట. క్రింద ఒక వాక్యం చేర్చుకో. 'ఒడ్డున ఉన్నవి తీసుకోవచ్చునని, నిజం తెలిసి కూడా, నలభైమందికి చెప్పినవాణ్ణి నేను.' కావాలంటే మళ్లీ సంతకం చేసి పంపుతాను. అఫ్జల్ హాలులో మొన్న అందరినీ కూర్చోబెట్టి ఈ మాటే చెప్పాను. రాఘవయ్య రాలేదు.

హనుమత్ప్రసాద్


దీవి శిబిరం
21 మార్చి 2025

పెదనాన్న గారికి నమస్కారాలు.

మీ వాక్యం చేర్చి ఫైలు పంపాను. పైవాళ్లు హెచ్చరికతో మూసేశారు. మీకు ఈ దీవికి ఇక అనుమతి రాదు. ఆ కాగితం మీద సంతకం నాదే, క్షమించండి.

ఆ తెల్లముక్కని, ఫైలు మూసేశాక, గుడిసె ముందు ఇసకలోనే పెట్టి వచ్చాను. మర్నాటికే ఒక పీత దాని కిందికి దూరింది. గుడ్డ నా దగ్గరుంది. ఉతకలేదు.

అత్తయ్యతో ఇంకా మాట్లాడలేదా?

సుష్మిత


అమీర్‌పేట
6 ఏప్రిల్ 2025

చిరంజీవి సుష్మితకు పెదనాన్న ఆశీస్సులు.

నీ సంతకం చూశాను. అక్షరాలు గుండ్రంగా, నిటారుగా ఉన్నాయి. క్షమాపణ అక్కరలేదు. నేరానికి తగిన శిక్ష వేశావు.

ఈరోజు ఉదయం రాఘవయ్య మా ఇంటికి వచ్చాడు. లిఫ్టు పనిచేయడం లేదు. నాలుగంతస్తులెక్కి ఆయాసపడుతూ వరండాలో నిలబడ్డాడు. చేతిలో సంచి. ఎదుటి ఫ్లాటులో కోచింగు పిల్లలు ఆదివారం కనుక తలుపు బార్లా తీసి పెట్టుకొని ఇడ్లీలు తింటున్నారు.

"మాస్టారూ, లోపలికి రావచ్చా?" అన్నాడు.

"సంచిలో ఏముంది?" అన్నాను.

అతడు పిల్లల వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఇక్కడేనా?" అన్నాడు.

"ఇక్కడే. అన్నీ తీయండి."

వంగి గడప ముందు ఒక్కొక్కటే తీశాడు. తువ్వాలు. గొడుగు. బీపీ మాత్రలు. కుసుమ పంపిన పూతరేకుల పెట్టె. అన్నిటి క్రిందా భరిణె. ముప్పై ఏళ్లు అతడి అద్దాల బీరువాలో, చీటీ లేని ఒకే ఒక్క వస్తువుగా ఉందట. మూతమీద అమ్మ పేరులోని మొదటి అక్షరం. పిల్లలు తినడం మాని చూస్తున్నారు. ఒకడు పక్కవాడితో, "గీ తాతలకు ఏమైందిరా?" అన్నాడు.

నేను తృప్తిగా చూశాను. చివరి వస్తువు వరకు చూశాను. అతడు లేవలేకపోతే చేయి అందించలేదు. తలుపు పట్టుకొని తానే లేచాడు.

తరువాత లోపలికి రమ్మన్నాను. కాఫీ కలిపాను. "ఆరోజు మా అమ్మ మీ సంచి చూడమంది, చూశాను మాస్టారూ. మీరు తీశారని నేను అనుకోలేదు. కానీ దొరికాక, శుభలేఖ గుర్తొచ్చింది" అన్నాడు. "నాకూ గుర్తుంది. పదకొండు తప్పులు" అన్నాను. ఇద్దరమూ కాఫీ త్రాగాము. క్షమించమని అతడు అడగలేదు, క్షమించానని నేను అనలేదు. భరిణె బల్ల మీద ఉంది. దానిలో కుంకుమ పెట్టుకొనవలసిన మనిషి గోడమీద పటంలో ఉంది. ముప్పై ఏళ్లు ఆలస్యంగా వచ్చిన వస్తువును ఏం చేసుకోను?

అతడు చేయి కడుక్కోవడానికి వెళ్లాడు. నేను బీరువాలోంచి మీ దొడ్డమ్మ రవికల గుడ్డ ఒకటి తీశాను, కుట్టించుకోనిది. భరిణెను అందులో మూటగట్టి అతడి సంచి అడుగున, తువ్వాలు క్రింద పెట్టాను. బల్ల మీద ఏముందో అతడు మళ్లీ చూడలేదు. వెళ్లేటప్పుడు మెట్ల దాకా వెళ్లాను. మనసులో ఏమీ లేదని మాత్రం అనుకోకు.

పసుపు సంగతి నీవు తప్పక అడుగుతావు. వంటింట్లో డబ్బా అందుకొని మూత తీసి కొంతసేపు నిలబడ్డాను. రాయకపోతే, ఇల్లు చేరి సంచి విప్పినప్పుడు తాను తీయని వస్తువు తన సంచిలో దొరకడం ఎలా ఉంటుందో రాఘవయ్యకు తెలుస్తుంది. అది నేను ముప్పై ఏళ్లుగా వాడికి వేయదలచిన శిక్ష. రాస్తే, అది మా అమ్మ భరిణె మా చెల్లెలికి తిరిగి వెళ్లడం.

నాలుగు మూలలా రాశాను. ముందుగా రాఘవయ్య విప్పితే వాడు భరిణెను చూస్తాడు. కుసుమ విప్పితే గుడ్డను చూస్తుంది. ఆ సంచిని ఎవరు విప్పుతారో వాళ్లింటి సంగతి.

ఇప్పుడు సాయంత్రం ఆరున్నర. శ్రీనగర్ కాలనీ నుండి ఇంకా ఫోను రాలేదు. దగ్గరే కూర్చున్నాను.

నీ పెదనాన్న
హనుమత్ప్రసాద్